సైన్యం మాట విననప్పుడు: పాత రాజ్యాలు విప్లవాల చేతికి ఎలా చిక్కుతాయి

క్లుప్తంగా: జనాగ్రహం ఒక్కదానితో ఏ రాజ్యమూ కూలిపోదు. కాల్చమంటే కాల్చే సైనికుడు, అతనికి జీతమిచ్చే ఖజానా, ఏదో ఒకటి తేల్చి చెప్పే పాలకుడు ఉన్నంతకాలం ఎంత చెడ్డ పాలన అయినా నెట్టుకొస్తుంది. ఇవి ఒకేసారి దెబ్బతిన్నప్పుడే విప్లవానికి సందు దొరుకుతుంది. కూలాక అధికారం ఎవరికి దక్కుతుందన్నది మాత్రం వేరే లెక్క. రష్యా, ఇరాన్ అనుభవాలను ముఖ్యంగా, తెలంగాణ సాయుధ పోరాటాన్ని పోలికగా తీసుకుని ఈ వ్యాసం ఆ లెక్కను వివరిస్తుంది.

2024 డిసెంబర్ 4న సిరియా అధ్యక్షుడు బషర్ అల్ అసద్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. సైన్యంలో శాశ్వత ఉద్యోగులుగా ఉన్నవాళ్ల జీతం 50 శాతం పెంచుతున్నట్టు అందులో ఉంది. అప్పటికి వారం కిందటే, నవంబర్ 27న, ఇడ్లిబ్ వైపు నుంచి హయాత్ తహ్రీర్ అల్ షామ్ అనే సాయుధ ఇస్లామిస్టు సంస్థ నాయకత్వంలోని తిరుగుబాటు దళాలు కదిలాయి. మూడు నాలుగు రోజుల్లో అలెప్పో నగరం వాళ్ల చేతికొచ్చింది. జీతాల పెంపు ప్రకటించిన మర్నాడే హమా కూడా పోయింది. డిసెంబర్ 8 తెల్లారేసరికి అసద్ దేశం విడిచి రష్యా దారి పట్టాడు. తండ్రీకొడుకులు యాభై ఏళ్లకు పైగా నడిపిన పాలన 12 రోజుల్లో ముగిసింది. చాలాచోట్ల పోరే జరగలేదు. సైనికులు యూనిఫాంలు విప్పి రోడ్డు పక్కన పడేసి, మామూలు బట్టల్లో ఇళ్లకు వెళ్లిపోయారు.

విచిత్రం ఏమిటంటే, ఇదే అసద్ 2011లో మొదలైన తిరుగుబాటును, లక్షల ప్రాణాలు తీసిన అంతర్యుద్ధాన్ని పదమూడేళ్లు తట్టుకున్నాడు. 2024 నాటికి జనం కోపం కొత్తగా పెరిగిందేమీ లేదు. సైనికుడి జీతం విలువ కరిగిపోయింది. ఒకప్పుడు ఆదుకున్న రష్యా యుక్రెయిన్ యుద్ధంలో, ఇరాన్, లెబనాన్‌లోని హిజ్బుల్లా దళం ఇజ్రాయెల్‌తో పోరులో తలమునకలై ఉన్నాయి. విప్లవాలు ఎందుకు గెలుస్తాయన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈ తేడాయే మంచి మొదలు.

కడుపు మంట ఎప్పుడూ ఉంటుంది

విప్లవం అనగానే ముందుగా గుర్తొచ్చేవి ఆకలి, అణచివేత. రెండూ నిజమే. అయితే చరిత్రలో చాలా దేశాల్లో చాలా కాలం ఇవి రెండూ ఉన్నాయి, విప్లవాలు మాత్రం అరుదు. పేదరికమే అసలు కారణమైతే అత్యంత పేద దేశాలలో ఏటా ఒక విప్లవం రావాలి. 1970లలో ఇరాన్ పేద దేశం కాదు. 1973-74లో చమురు ధర దాదాపు నాలుగింతలు కావడంతో అక్కడ డబ్బు వరదలా వచ్చిపడింది. రష్యా కూడా మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు పరిశ్రమల్లో వేగంగా ఎదుగుతున్న దేశమే.

అసంతృప్తి వల్ల జనం వీధుల్లోకి వస్తారు, అంతవరకే. వచ్చాక ఏం జరుగుతుందన్నది ఎదురుగా తుపాకీ పట్టుకుని నిలబడ్డవాడు ఏం చేస్తాడన్న దాని మీద ఆధారపడుతుంది. ఈ మాట పైకి చాలా సాదాగా కనిపిస్తుంది. కానీ ఆ సైనికుడి నిర్ణయం వెనక రాజ్యం మొత్తం ఆరోగ్యం దాగి ఉంటుంది. రష్యాలో పన్నెండేళ్ల తేడాతో జరిగిన రెండు ఘటనలను పక్కపక్కన పెడితే ఇది బాగా తెలుస్తుంది.

అదే జార్, అదే నగరం: 1905, 1917

1905 జనవరి 22, ఆదివారం. (తేదీలన్నీ నేటి క్యాలెండర్ ప్రకారం. నాటి రష్యా పంచాంగం 13 రోజులు వెనక ఉండేది.) సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గపోన్ అనే మతాధికారి వెంట వేలాది కార్మికులు జార్‌కు, అంటే రష్యా చక్రవర్తి రెండో నికోలస్‌కు, అర్జీ ఇవ్వడానికి బయల్దేరారు. చేతుల్లో దేవుడి పటాలు, జార్ బొమ్మలు. సైన్యం కాల్చింది. ఆ ఏడాదంతా దేశం అట్టుడికిపోయింది. సమ్మెలు, పల్లెల్లో భూస్వాముల ఇళ్ల మీద దాడులు, జూన్‌లో పొటెమ్కిన్ యుద్ధనౌకలో తిరుగుబాటు, అక్టోబర్‌లో రైళ్లన్నీ నిలిచిపోయిన సార్వత్రిక సమ్మె. పైగా జపాన్ చేతిలో ఘోర ఓటమి. ఏ రకంగా చూసినా జార్ పని అయిపోవాల్సింది. అయిపోలేదు.

కారణాలు మూడు కనిపిస్తాయి. సెప్టెంబర్‌లోనే జపాన్‌తో సంధి కుదిరి యుద్ధం ముగిసింది. అక్టోబర్ 30న జార్ పౌరహక్కులకు, ఎన్నికైన చట్టసభ డ్యూమాకు ఒప్పుకుంటూ ప్రకటన చేశాడు. మధ్యతరగతి, ఉదారవాదులు చాలావరకు అక్కడితో ఇంటికెళ్లిపోయారు, కార్మికులు ఒంటరయ్యారు. అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది. అక్టోబర్ ప్రకటన తర్వాత ఎన్నో దళాల్లో క్రమశిక్షణ సడలి తిరుగుబాట్లు జరిగాయి. పైన పట్టు పోయిందనుకున్న సైనికుడు ఎదురుతిరిగాడు. డిసెంబర్‌లో ప్రభుత్వం మళ్లీ గట్టిగా నిలబడేసరికి సైన్యం కూడా దారిలోకొచ్చింది. మాస్కో కార్మికుల తిరుగుబాటును అణచడానికి రాజధాని నుంచి సెమ్యోనోవ్‌స్కీ గార్డు దళం వెళ్లింది. ఫిరంగులతో ఒక కార్మికవాడను నేలమట్టం చేసింది. 1906 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ ముందుండి 225 కోట్ల ఫ్రాంకుల అప్పు ఇప్పించింది. ఖజానా నిలబడింది, సైన్యం నిలబడింది, జార్ మరో పదకొండేళ్లు కూర్చున్నాడు.

ఇక 1917. రాజధాని పేరు అప్పటికి పెట్రోగ్రాడ్. మొదటి ప్రపంచ యుద్ధం మొదలై మూడో ఏడాది నడుస్తోంది. చలికాలం, రొట్టె కోసం తెల్లవారుజాము నుంచి క్యూలు. దేశంలో ధాన్యం లేక కాదు. రైళ్లు యుద్ధరంగానికి సరుకు మోయడంలో మునిగి ఉన్నాయి, నోట్లు అచ్చేసి పంచడంతో రూబుల్ విలువ పడిపోయి రైతు ధాన్యం అమ్మడానికి ఇష్టపడలేదు. మార్చి 8, అంతర్జాతీయ మహిళా దినోత్సవం నాడు, వీబోర్గ్ ప్రాంతంలో బట్టల మిల్లుల ఆడవాళ్లు పని ఆపి బయటికొచ్చారు. పక్క ఫ్యాక్టరీల కిటికీల కింద నిలబడి కేకలేసి మగ కార్మికులను కూడా లాక్కొచ్చారు. లెనిన్ నాయకత్వంలోని బోల్షివిక్కులతో సహా ఏ పార్టీ కూడా ఆ రోజుకు ముహూర్తం పెట్టలేదు. మూడో రోజుకల్లా నగరం మొత్తం స్తంభించింది.

అప్పుడు జార్ నగరంలో లేడు. ఎంతో దూరంలో మొగిలేవ్‌లోని సైనిక ప్రధాన కార్యాలయంలో ఉన్నాడు. రాజధానిలో అల్లర్లు రేపటికల్లా ఆగిపోవాలంటూ సైనికాధికారి ఖబలోవ్‌కు తంతి కొట్టాడు. ఆ ఒక్క తంతితో అప్పటిదాకా ఊగిసలాడుతున్న అధికారులకు కాల్చక తప్పని పరిస్థితి వచ్చింది. మార్చి 11, ఆదివారం, వోలిన్‌స్కీ గార్డు దళం శిక్షణ విభాగం జ్నామెన్‌స్కాయా కూడలిలో జనం మీద కాల్పులు జరిపింది. పదుల మంది చనిపోయారు. రాత్రికి సైనికులు బ్యారక్‌కు తిరిగొచ్చారు.

అసలు కథ ఆ రాత్రి బ్యారక్‌లో నడిచింది. కిర్పిచ్నికోవ్ అనే సార్జెంట్ తోటివాళ్లతో మాట్లాడాడు. రేపు మళ్లీ కాల్చమంటే కాల్చొద్దన్న మాట మీద నిలబడ్డారు. తెల్లారి కెప్టెన్ లష్కేవిచ్ వచ్చి ఆజ్ఞ ఇవ్వబోతే వినలేదు. అతను వెనుదిరిగి వెళ్తుండగా కాల్చి చంపారు. అక్కడితో వాళ్లకు వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది. తమ ఒక్క దళమే తిరగబడితే ఉరికంబం ఖాయం. అందుకే పరుగున పక్క బ్యారక్‌లకు వెళ్లారు, ఆయుధాగారం తెరిపించారు, జైళ్లు బద్దలు కొట్టారు. నగరంలో లక్షన్నరకు పైగా సైనికులుంటే సాయంత్రానికి అందులో ఎక్కువ భాగం ప్రభుత్వం చేయి దాటిపోయింది.

1905లో కాల్చిన గార్డు దళాల పేర్లే 1917లోనూ ఉన్నాయి, మనుషులు మాత్రం వేరు. పాత గార్డు సైనికులు చాలామంది యుద్ధంలో చనిపోయారు. బ్యారక్‌లలో ఉన్నది కొత్తగా చేరిన రైతుబిడ్డలు, గాయాలతో వెనక్కొచ్చినవాళ్లు, కొందరు అదే నగరపు కార్మికులు. ఇరుకు గదుల్లో కుక్కినట్టు ఉన్నారు, వాళ్లను అదుపు చేసే అనుభవమున్న అధికారులు తక్కువ. అందరికీ ఒకే టెన్షన్, ఎప్పుడు యుద్ధరంగానికి పంపుతారోనని. క్యూలో నిలబడ్డ ఆడవాళ్లలో వాళ్లు తమ ఇంటివాళ్లనే చూశారు.

పైస్థాయిలో జరిగింది కూడా తక్కువేమీ కాదు. జార్ రైలెక్కి రాజధానికి బయల్దేరితే దారి మూసేశారు, రైలు ప్స్కోవ్‌కు మళ్లింది. సైనిక ప్రధాన కార్యాలయంలో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జనరల్ అలెక్సేయేవ్ యుద్ధరంగ సేనానులందరినీ తంతి ద్వారా అభిప్రాయం అడిగాడు. దిగిపోవడమే మంచిదని వాళ్లు చెప్పారు. మార్చి 15న జార్ తమ్ముడు మిఖాయిల్ పేర సింహాసనం వదులుకున్నాడు. మర్నాడు మిఖాయిల్ నాకొద్దన్నాడు. 304 ఏళ్ల రొమానోవ్ వంశపాలన వారం రోజుల అల్లర్లతో ముగిసింది. జనరల్స్ జార్‌ను వదులుకున్నది విప్లవం మీద ప్రేమతో కాదు. జార్ పోతేనే సైన్యం నిలుస్తుంది, యుద్ధం సాగుతుంది అని నమ్మారు. ఆ లెక్క ఎంత తప్పో ఎనిమిది నెలల్లో తేలిపోయింది.

తిరుగుబాటు అంటురోగంలా పాకడానికి కారణం

కిర్పిచ్నికోవ్ బృందం పరుగులో ఒక సూత్రం ఉంది. ఏ సైనికుడూ ఒంటరిగా ఆజ్ఞ ధిక్కరించడు, ధిక్కరిస్తే శిక్ష తప్పదు. పక్కవాడు కూడా ధిక్కరిస్తాడని నమ్మకం కుదిరితే లెక్క తలకిందులవుతుంది. అప్పుడు ఆజ్ఞ పాటించడమే ప్రమాదం. రేపు గెలిచినవాళ్లు జనాన్ని కాల్చినవాడి పేరు అడుగుతారు. అందుకే సైన్యాలు మెల్లగా సన్నగిల్లడం కంటే ఒక్కసారిగా కుప్పకూలడమే ఎక్కువ. నిన్నటిదాకా గట్టిగా కనిపించిన పాలన ఇవాళ లేకుండా పోవడం బయటివాళ్లకు మాయలా అనిపిస్తుంది. విప్లవాలను ముందే పసిగట్టడంలో గూఢచారి సంస్థలు పదేపదే విఫలం కావడానికి కారణం ఇదే. మనిషి మనసులోని లెక్క లెక్కల పుస్తకంలో కనబడదు.

పాలకుడి తటపటాయింపు ఆ లెక్కను ఇంకా పెంచుతుంది. ఒకరోజు కాల్చమని, మర్నాడు ఆగమని చెప్పే పాలకుడి మీద సైనికుడికి నమ్మకం పోతుంది. రేపు ఈయన దిగిపోతే శిక్ష పడేది తనకేనని అర్థమవుతుంది. పూర్తిగా రాయితీలు ఇచ్చినవాళ్లు కొందరు గట్టెక్కారు, నిర్దాక్షిణ్యంగా అణచినవాళ్లు కూడా కొందరు గట్టెక్కారు. రెండింటి మధ్య ఊగినవాళ్లే ఎక్కువగా పోయారు.

ఖజానా సంగతి

సైనికుడి విధేయతకు డబ్బుతో సంబంధం ఉంది, కానీ అది జీతంతోనే ఆగదు. అప్పుల్లో మునిగిన పాలకుడు పన్నుల కోసం తన సొంత వర్గాన్నే అడుక్కోవాల్సి వస్తుంది. అక్కడే పైవాళ్లలో చీలిక మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో 1789 విప్లవానికి తలుపు తెరిచింది ఆకలితో ఉన్న రైతు కాదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి చేసిన సాయంతో అప్పు పెరిగింది, ఆదాయంలో దాదాపు సగం అప్పు తీర్చడానికే పోయేది. ప్రభువర్గాల మీద పన్ను వేద్దామంటే వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి 175 ఏళ్లుగా పిలవని ఎస్టేట్స్ జనరల్ అనే మూడు వర్గాల ప్రతినిధుల సభను లూయీ రాజు 1789 మేలో పిలవక తప్పలేదు. రెండు నెలలకే, జూలై 14న, బాస్టీల్ కోట ముందు జనంతో పాటు ఫిరంగులు తెచ్చి నిలబడ్డది రాజుగారి సొంత ఫ్రెంచ్ గార్డులు.

1906లో జార్‌కు ఫ్రెంచి అప్పు దొరకడం, 1917లో నోట్లు అచ్చేయడం తప్ప దారి లేకపోవడం మధ్య ఉన్న తేడా ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. ఇరాన్‌లో ఇదే కథ మరో రూపంలో వచ్చింది.

ఇరాన్: నాలుగు లక్షల సైన్యం పక్కకు తప్పుకున్న రోజు

ఇరాన్ రాజు షా మొహమ్మద్ రెజా పహ్లవీ దగ్గర ఓడిన సైన్యం లేదు, దివాలా తీసిన ఖజానా లేదు. అమెరికా అమ్మిన కొత్త విమానాలు, నాలుగు లక్షల పైచిలుకు సైన్యం, సావక్ అనే భయంకర గూఢచారి సంస్థ ఉన్నాయి. అందుకే 1979 విప్లవాన్ని అర్థం చేసుకోవడం రష్యా కంటే కష్టం.

చమురు డబ్బు పొంగినప్పుడు ధరలు మండాయి. దాన్ని అదుపు చేయడానికి షా ప్రభుత్వం బజారు వ్యాపారుల మీద పడింది. లాభాపేక్ష పేరుతో వేలమందిని జరిమానాలు, జైళ్లతో వేధించింది. మసీదులకు, మతాధికారులకు తరతరాలుగా చందాలిచ్చే వర్గం అది. 1977లో ఖర్చులు తగ్గించి ధరలను దించబోతే నిర్మాణ పనులు ఆగి, పల్లెల నుంచి టెహ్రాన్‌కు వచ్చిన కూలీలకు పని పోయింది. ఒకేసారి బజారు, మసీదు, బస్తీ మూడూ ఒక వైపుకు చేరాయి.

1978 జనవరిలో, ప్రవాసంలో ఉండి షాను ఎదిరిస్తున్న మతాధికారి ఖొమేనీని కించపరుస్తూ ఒక ప్రభుత్వ అనుకూల పత్రికలో వ్యాసం వచ్చింది. ఖోమ్ నగరంలో విద్యార్థులు నిరసన తెలిపితే కాల్పులు జరిగాయి. షియా సంప్రదాయంలో చనిపోయినవారికి నలభయ్యో రోజు సంతాపం జరుపుతారు. ఖోమ్ మృతుల నలభయ్యో రోజు తబ్రీజ్‌లో జనం గుమిగూడారు, అక్కడా కాల్పులు. తబ్రీజ్ వాళ్ల నలభయ్యో రోజున యజ్ద్‌లో. ఏ పార్టీ పిలుపూ అక్కర్లేకుండా తేదీ ముందే ఖరారైపోయేది, గుమిగూడే చోటు మసీదు. సభలు నిషేధించవచ్చు, సంతాపాన్ని నిషేధించడం ఏ పాలకుడికైనా కష్టం. ఖొమేనీ ప్రసంగాలు క్యాసెట్లలో ఇరాక్ నుంచి, తర్వాత ఫ్రాన్స్ నుంచి వచ్చేవి. వాటిని కాపీ చేసి పంచే పని కూడా మసీదుల ద్వారానే జరిగేది.

ఆగస్టులో అబాదాన్‌లోని రెక్స్ సినిమా హాలు తగలబడి వందల మంది చనిపోయారు. నిప్పు పెట్టింది ప్రభుత్వమేనని జనం నమ్మారు. సెప్టెంబర్ 8న టెహ్రాన్ జాలే కూడలిలో సైన్యం కాల్చింది. ఇక రాజీకి చోటు లేకుండా పోయింది. అక్టోబర్ నుంచి చమురు కార్మికులు సమ్మెలోకి దిగడం అసలైన దెబ్బ. రోజుకు యాభై లక్షల పీపాలు దాటిన ఉత్పత్తి చివరికి దేశ అవసరాలకే చాలనంతగా పడిపోయింది. వీధిలో జనాన్ని కాల్చి చెదరగొట్టవచ్చు. బావి దగ్గర ఇంజినీరును తుపాకీ చూపించి ఎన్నాళ్లు పని చేయిస్తారు? అప్పులిచ్చేవాళ్లతో పని లేదనుకున్న పాలన ఒకే సరుకు మీద బతుకుతోందని అప్పుడు బయటపడింది.

షా చేసిన పనుల్లో ఊగిసలాట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నవంబర్ 6న సైనిక ప్రభుత్వాన్ని నియమించాడు. అదే రోజు టీవీలో కనిపించి ప్రజల విప్లవ స్వరం తనకు వినిపించిందని చెప్పాడు. సొంత సైన్యాధిపతులకే ఏం చేయాలో అర్థం కాలేదు. ఆయనకు క్యాన్సర్ ఉందన్న సంగతి చాలా కొద్దిమందికే తెలుసు. వాషింగ్టన్ నుంచి కూడా ఒకరు గట్టిగా ఉండమని, మరొకరు సర్దుకోమని చెప్పేవారు. డిసెంబర్ 10, 11 తేదీల్లో మొహర్రం తొమ్మిది, పది రోజులు వచ్చాయి. పదో రోజు ఆషూరా, హైదరాబాద్ పాతబస్తీలో బీబీ కా ఆలం ఊరేగింపు జరిగే రోజే. ఇమామ్ హుసేన్ బలిదానాన్ని తలచుకునే ఆ రోజున ఇరాన్ నగరాల్లో లక్షల జనం రోడ్ల మీదికొచ్చారు. వాళ్ల కథలో షాకు దక్కిన పాత్ర హుసేన్ మరణానికి కారకుడైన పాలకుడు యజీద్‌దే.

బ్యారక్‌లలో ఉన్నది నిర్బంధ సైనిక సేవలో చేరిన కుర్రాళ్లు. బయట తిరిగేది వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. తుపాకీ గొట్టాల్లో పూలు గుచ్చిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఖొమేనీ కూడా సైనికులను తిట్టొద్దు, పిలుచుకు రండి అన్న పద్ధతే పట్టాడు. 1979 జనవరి నాటికి రోజుకు వందల్లో సైనికులు బ్యారక్‌లు వదిలి వెళ్లిపోతున్నారు.

మరి సైన్యాధిపతులు కుట్ర చేసి అధికారం ఎందుకు తీసుకోలేదు? ఇక్కడ షా వేసిన పాత ఎత్తు ఆయన మెడకే చుట్టుకుంది. తన మీద కుట్ర జరగకూడదని త్రివిధ దళాల అధిపతులు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోకుండా, ప్రతి ఒక్కరూ తనకే చెప్పుకునేలా సైన్యాన్ని మలిచాడు. ఆయన ఉన్నంతకాలం అది పనిచేసింది. జనవరి 16న ఆయన విమానమెక్కాక కలిసి నిర్ణయం తీసుకోవడం తెలియని అధికారులు మిగిలారు. ఫిబ్రవరి 9 రాత్రి టెహ్రాన్‌లో వైమానిక దళం టెక్నీషియన్లు ఖొమేనీకి జై కొడితే ఇంపీరియల్ గార్డు దాడికి వచ్చింది. టెక్నీషియన్లు ఆయుధాగారాలు తెరిచి జనానికి తుపాకులు పంచారు. ఫిబ్రవరి 11న సైనిక ఉన్నత మండలి సైన్యం తటస్థంగా ఉంటుందని ప్రకటించింది. తటస్థం అన్న ఆ ఒక్క మాటతో ప్రధాని బఖ్తియార్ ప్రభుత్వం గాలిలో కలిసిపోయింది.

కూలడం ఒకటి, చేజిక్కించుకోవడం ఇంకొకటి

పాత పాలన పడిపోయిన రోజునే విప్లవం గెలిచిందనుకోవడం సాధారణంగా చేసే పొరపాటు. నిజానికి ఆ రోజు అధికారం ఎవరి చేతిలోనూ ఉండదు. రష్యాలో మార్చిలో జార్ పోయాడు, బోల్షివిక్కులు వచ్చింది నవంబర్‌లో. మధ్య ఎనిమిది నెలలు తాత్కాలిక ప్రభుత్వం ఒక వైపు, కార్మికులు, సైనికులు ఎన్నుకున్న సోవియట్ మరో వైపు. పెట్రోగ్రాడ్ సోవియట్ తన మొదటి ఉత్తర్వుతోనే సైనికులు తమ కమిటీలను ఎన్నుకోవాలని, ప్రభుత్వ ఆజ్ఞలను సోవియట్‌కు విరుద్ధం కానంతవరకే పాటించాలని చెప్పింది. అంటే ప్రభుత్వానికి కుర్చీ ఉంది, ఆజ్ఞ చెల్లే దారి లేదు.

తాత్కాలిక ప్రభుత్వం జార్ పడిపోయిన గోతిలోనే పడింది. యుద్ధం ఆపలేదు, భూమి సంగతి ఎన్నికలయ్యాక చూద్దామంది. జూన్ నెల దాకా ఇతర సోషలిస్టు పార్టీల ముందు బోల్షివిక్కులు చిన్నవాళ్లే. సెప్టెంబర్‌లో జనరల్ కోర్నిలోవ్ సైన్యంతో రాజధాని మీదికి వస్తున్నాడన్న భయంలో ప్రధాని కెరెన్‌స్కీ ప్రభుత్వం కార్మికులకు ఆయుధాలు అందడానికి ఒప్పుకుంది. ఆ తుపాకులు తిరిగి రాలేదు. శరదృతువులో పెట్రోగ్రాడ్, మాస్కో సోవియట్లలో బోల్షివిక్కులకు మెజారిటీ వచ్చింది. నవంబర్ 7న వింటర్ ప్యాలెస్‌ను కాపాడటానికి మిగిలింది కొందరు క్యాడెట్లు, ఒక మహిళా బెటాలియన్ విభాగం. లక్షల సైన్యమున్న దేశంలో ప్రభుత్వం కోసం నిలబడే దళం ఒక్కటీ దొరకలేదు.

ఆ తర్వాత జరిగిన రాజ్యాంగ సభ ఎన్నికల్లో బోల్షివిక్కులకు దేశం మొత్తం మీద నాలుగోవంతు ఓట్లే వచ్చాయి. రైతుల ఓట్లతో సోషలిస్టు రివల్యూషనరీలు ముందున్నారు. అయితే పెట్రోగ్రాడ్, మాస్కో నగరాల్లో, వాటికి దగ్గరలోని సైన్యంలో బోల్షివిక్కులదే పైచేయి. 1918 జనవరిలో ఒక్కరోజు సమావేశమైన ఆ సభను రద్దు చేస్తే అడ్డుకునే బలగం లేకపోయింది. ఎన్ని ఓట్లు అన్నదాని కంటే ఎక్కడి ఓట్లు, ఎవరి చేతిలో తుపాకీ ఉన్న ఓట్లు అన్నదే ఫలితాన్ని నిర్ణయించింది. ఇది ప్రజాస్వామ్యానికి ఇష్టమైన సత్యం కాదు, కానీ జరిగింది ఇదే.

ఇరాన్‌లోనూ షాను దించినవాళ్లలో ఉదారవాదులు, కమ్యూనిస్టులు, ముజాహిదీన్, జాతీయవాదులు అందరూ ఉన్నారు. అయితే ఊరూరా శాఖ, ప్రతి వారం సభ, చందా వసూలు చేసే యంత్రాంగం, తిరుగులేని నాయకుడు ఉన్నది మతాధికారులకే. విప్లవం తర్వాత వీధివీధికీ పుట్టిన కమిటీలు చాలావరకు మసీదుల చుట్టూ ఏర్పడినవే. రెండు మూడేళ్లలో మిగతా వాళ్లంతా జైళ్లలోకో, విదేశాలకో, సమాధుల్లోకో చేరారు.

ఈ కొలమానంతో చూస్తే ఇటీవలి పొరుగు దేశాల ఘటనలు వేరుగా కనిపిస్తాయి. 2022 జూలైలో శ్రీలంక అధ్యక్షుడు గొటబాయ రాజపక్స, 2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా దేశం విడిచి పారిపోయారు. 2025 సెప్టెంబర్‌లో నేపాల్ ప్రధాని కేపీ శర్మ ఓలీ రాజీనామా చేశారు. మూడు చోట్లా చివరి ఘడియలో సైన్యం పాలకుడి కోసం జనంతో తలపడలేదు. మొదటి సగం పూర్తయింది. రెండో సగం, అంటే వీధిలో ఉన్నవాళ్లే రాజ్యాన్ని చేపట్టడం, జరగలేదు. కొలంబోలో పార్లమెంటు రణిల్ విక్రమసింఘేను ఎన్నుకుంది. ఢాకాలో మొహమ్మద్ యూనస్, కాఠ్‌మాండూలో మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కీ తాత్కాలిక పగ్గాలు పట్టారు. సోషల్ మీడియా జనాన్ని కూడగట్టడంలో మసీదు కంటే వేగంగా పనిచేస్తుంది. శాఖలు, క్రమశిక్షణ, ఎవరి మాట చెల్లాలన్న ఒప్పందం మాత్రం ఫోన్లో తయారు కావు. వీటిని విప్లవాలనడం కంటే ప్రభుత్వాల పతనాలనడం సబబు.

తెలంగాణ: దొరను గెలిచిన పోరాటం రాజ్యాన్ని ఎందుకు గెలవలేదు

పై లెక్కంతా మన దగ్గర సరిపోతుందా అని చూడటానికి 1946-51 తెలంగాణ సాయుధ పోరాటం ఉంది. వెట్టి, అక్రమ వసూళ్లు, భూముల ఆక్రమణ మీద ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టు పార్టీ ఊరూరా సంఘం పెట్టాయి. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయారు. తర్వాత పోరాటం నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో దావానలంలా పాకింది. దొరలు గడీలు వదిలి హైదరాబాద్‌కు పారిపోయారు. మూడు వేల గ్రామాల్లో సంఘమే పాలన నడిపిందని, పది లక్షల ఎకరాలు పంచిందని పార్టీ లెక్క.

ఇక్కడ పాత రాజ్యం లక్షణాలన్నీ ఉన్నాయి. నిజాం పాలనకు బ్రిటిష్ అండ 1947తో పోయింది. భారత్‌లో చేరాలా వద్దా అని పైన ఎడతెగని బేరం నడుస్తోంది. అసలు సైన్యం చాలక ఖాసిం రజ్వీ రజాకార్ల మీద ఆధారపడాల్సి వచ్చింది. వాళ్ల దౌర్జన్యం తటస్థంగా ఉన్న ఊళ్లను కూడా సంఘం వైపు నెట్టింది. నిర్మాణం విషయంలో సంఘానికి వంక పెట్టడానికి లేదు.

కానీ నిజాం పాలనను పడగొట్టింది పల్లె దళాలు కాదు, 1948 సెప్టెంబర్ 13న నాలుగు దిక్కుల నుంచి కదిలిన భారత సైన్యం. 17న నిజాం లొంగిపోయాడు. ఆ మర్నాటి నుంచి దళాల ముందున్న ప్రత్యర్థి మారిపోయాడు. కొత్త రాజ్యానికి ఓడని సైన్యం ఉంది, ఖజానా ఉంది, స్వాతంత్ర్య పోరాటం ఇచ్చిన పలుకుబడి ఉంది. జనరల్ చౌదరి సైన్యంలోని జవాను నల్లగొండ రైతుబిడ్డ కాదు. భాష తెలియని దూరప్రాంతాల వాడు, అతనికి ఈ ఊళ్లతో ఏ బంధమూ లేదు. పెట్రోగ్రాడ్ బ్యారక్‌లో పనిచేసిన సూత్రం ఇక్కడ పనిచేయలేదు. పైగా కొత్త ప్రభుత్వం ఒక చేత్తో దళాలను వేటాడుతూనే 1949లో జాగీర్దారీ రద్దు చేసింది, 1950లో కౌలుదారీ చట్టం తెచ్చింది. 1905లో జార్ అక్టోబర్ ప్రకటన ఉదారవాదులను విడదీసినట్టే ఇది మధ్య రైతును ఉద్యమం నుంచి విడదీసింది.

పోరాటం సాగించాలా ఆపాలా అన్నదాని మీద నాయకత్వంలోనే తీవ్ర విభేదాలు వచ్చాయి. 1948 సెప్టెంబర్‌తోనే ఆపాల్సిందని రావి నారాయణరెడ్డి వంటివారు వాదించారు. చివరికి 1951 అక్టోబర్‌లో విరమించారు. కొద్ది నెలలకే జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో అదే రావి నారాయణరెడ్డి నల్లగొండ లోక్‌సభ స్థానంలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. ఊళ్లలో జనాదరణ ఏమాత్రం తగ్గలేదని దీన్నిబట్టి తెలుస్తోంది. లేనిది ఎదుటి రాజ్యంలో పగులు.

గెలిచినవాళ్లు నేర్చుకున్న పాఠం

1989లో తియనాన్మెన్ కూడలిలో విద్యార్థులు ప్రజాస్వామ్యం కోసం నిరసనకు దిగిన బీజింగ్ కథలో ఈ పగులు కొద్దిసేపు కనిపించి మూసుకుపోయింది. మే 20న మార్షల్ లా ప్రకటించాక నగరంలోకి వచ్చిన దళాలను జనం రోడ్ల మీదే ఆపేశారు. 38వ సైన్యం అధిపతి షు చిన్‌షియెన్ దాడికి నాయకత్వం వహించనన్నాడు. పార్టీ ఆయన్ని తప్పించి జైల్లో పెట్టింది, వేర్వేరు ప్రాంతాల నుంచి కొత్త దళాలు రప్పించింది. ప్రతి దళంలో పార్టీ ప్రతినిధి ఉండే సైన్యం అది. ధిక్కారం ఒకరి దగ్గరే ఆగిపోయింది. జూన్ 4న ఏం జరిగిందో ప్రపంచానికి తెలుసు.

విప్లవం ద్వారా వచ్చిన పాలకులు ఈ విషయంలో రాజుల కంటే చాలా జాగ్రత్తగా ఉంటారు. తాము ఎక్కిన నిచ్చెన ఏదో వాళ్లకు తెలుసు. బోల్షివిక్కులు అధికారానికొచ్చి ఏడు వారాలు గడవకముందే, 1917 డిసెంబర్ 20న, చేకా అనే రహస్య పోలీసు విభాగాన్ని పెట్టారు. ఖొమేనీ పాలన 1979లోనే షా వదిలిపోయిన సైన్యం మీద నమ్మకం లేక ఇస్లామిక్ విప్లవ రక్షక దళాన్ని పక్కన నిలబెట్టింది. వీధుల కోసం బసీజ్ అనే స్వచ్ఛంద దళాన్ని తయారుచేసింది. రక్షక దళానికి తర్వాత కాలంలో సొంత కంపెనీలు, కాంట్రాక్టులు, ఆస్తులు వచ్చాయి. పాలన పోతే జీతంతో పాటు ఆస్తి కూడా పోయే అధికారి తటస్థంగా ఉండలేడు. 2009లో ఎన్నికల మీద, 2019లో పెట్రోలు ధర మీద, 2022లో పోలీసు నిర్బంధంలో మహసా అమీనీ మరణం మీద ఇరాన్ వీధులు నిండాయి. మూడుసార్లూ నిరసనల మీదికి వచ్చిన బలగాల్లో ఆ దళాల మనుషులున్నారు. 1979 ఫిబ్రవరిలో షా సైన్యం పలికిన ‘తటస్థం’ అన్న మాటను వాళ్లు ఒక్కసారీ అనలేదు.